టమాటా మొక్క ఎందుకు ఒరిగిపోతుంది?

ఒకప్పుడు టమాటా మొక్క ఇప్పటిలా ఒరిగిపోయేది కాదర్రా. తాటిచెట్టుకు చెల్లెల్లా నిక్కి నిలబడేది. వేళ్ళంటే అడుగునే. ఒంటిమీద ఎక్కడా వేరన్న మాటే లేదు.

అప్పాయమ్మ అనే ఆవిడ అంచు విరిగిన ఊరగాయ జాడీలో మన్ను పోసి, అందులో టమాటా మొక్కను నాటి, పెరట్లో పెట్టింది. ఎండలు మండిపోతున్నాయి. జాడీ మాత్రం పోసిన నీళ్ళు పోసినట్టే దాచేది.

"ఆవకాయ నూనె చుక్కైనా కారనివ్వని వంశమమ్మా మాది!" అని మురిసిపోయేది.

"అంతా నీ చలవే జాడీ అత్తా!" అనేది టమాటా. ఆ సంబరంలో పూత కూడా వేసింది.

అంతలో వాన దిగింది. దిగిందంటే దిగింది! పొద్దూ మాపూ ఒకటే ధార. జాడీకి అడుగున చిల్లి లేదాయె. నీళ్ళు నిలిచిపోయాయి. వేళ్ళకు ఊపిరాడక టమాటా ఆకులు పసుపెక్కాయి.

"వానన్నా, కాస్త ఆగవూ?"

"పడటం నా పని. పోవడానికి దారివ్వమను మీ అత్తని!"

"కారడమా! మా ఇంటా వంటా లేదు," అంది జాడీ.

పక్కింటి నూకాలు గోడమీంచి తొంగిచూసి, "ఏం వదినా, టమాటా మొక్కనీ ఊరబెట్టావా?" అని కిసుక్కున నవ్వింది.

అప్పాయమ్మకు రోషమొచ్చింది. "వాన తెరిపివ్వనీ, పీకి పారేసి బచ్చలి పెడతా!"

టమాటా నేల వంక చూసి మొరపెట్టుకుంది. "నేలతల్లీ, నన్ను పీకేస్తారట!"

"నా మీద నీళ్ళు నిలవవు, జారిపోతాయి. దగ్గరకొస్తే నీకు కొత్త వేళ్ళిస్తా," అంది నేల. "కానీ అలా బిర్రబిగుసుకుని నిలబడితే ఎలా అందుకోనే? వంగు తల్లీ."

వంగడమా! ఇన్నాళ్ళ నిక్కు ఏమైపోవాలి? టమాటా తటపటాయించింది. ఓసారి తన పూత వంక చూసుకుంది. మెల్లిగా అంచు మీంచి ఒరిగింది. ఒరిగి ఒరిగి, నడుం మట్టికి ఆనించింది. ఆనిన చోటల్లా ఒకటే చక్కిలిగింత! తెల్లగా, నూలుపోగుల్లా వేళ్ళు!

తెరిపిచ్చాక అప్పాయమ్మ వచ్చి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. ఊహూఁ! వంగి చూసింది.

"ఓసి దీని అసాధ్యం కూలా! జాడీ దాటి నేలమీద కాపురం పెట్టిందే! నూకాలూ, వచ్చి చూడవే!"

ఆ ఏడాది గుత్తులు గుత్తులుగా కాసింది. మొదటి పచ్చడి గిన్నె నూకాలింటికే వెళ్ళింది.

అప్పటినుంచే టమాటా మొక్కకు నిటారుగా నిలబడటం చేతకాదు. కర్ర పాతి కట్టామా, సరే. లేదంటే హాయిగా ఒరిగిపోతుంది. నడుం ఎక్కడ మన్నుకు తగిలితే అక్కడే వేళ్ళు దింపుకుంటుంది.