బొమ్మ చెయ్యి ఎత్తాలంటే

మంగతాయారు గారిని ప్రశ్న అడిగినవాళ్లకి వెంటనే జవాబు దొరికిన దాఖలా లేదు. చేతికి ఏదో ఒక పని మాత్రం దొరికేది. మద్రాసులో ఇరవై ఏళ్లపాటు ప్రకటనల సినిమాలకి గాజులాంటి పల్చటి షీట్ల మీద కదిలే బొమ్మలు గీసిన మనిషి ఆవిడ. ఇప్పుడు కాకినాడలో ఒక టైలరు షాపు పైగదిలో పదిమందికి బొమ్మలు నేర్పుతున్నారు. అడిగితే చెప్పరు, అడక్కపోతే ఊరుకోరు అని శిష్యులు చాటుగా నవ్వుకుంటారు.

ఆ బుధవారం పొద్దున ధరణి అడగడానికి పూర్తిగా సిద్ధమై వచ్చింది. కార్టూన్ బొమ్మ గీసి కదిలించడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఈ ఒక్క ప్రశ్న కోసం రెండు వారాలు కూర్చుని పట్టిక వేసింది. తొమ్మిది సాఫ్ట్‌వేర్లు, ఒక్కోదానికి పద్నాలుగు అంశాలు, మొత్తం నూట ఇరవై ఆరు గళ్లు. ప్రతి గడిలోనూ పదికి ఇన్నని మార్కులు. మొదటిదానికి నూట పన్నెండు వచ్చాయి, రెండోదానికి నూట పదకొండు. ఆ ఒక్క మార్కు దగ్గర ఎటూ తేల్చుకోలేక ఆగిపోయింది.

ఆమె తొందరకి కారణం కూడా వెనకే మెట్లెక్కి వచ్చింది. చెల్లెలు ఆమని. ఆరేళ్ల పిల్ల, చెవులు వినబడవు. సోమవారం నుంచి అలాంటి పిల్లల బడికే వెళ్లాలి. ఆ బడిలో పంతులమ్మ పేరు రాసిన అట్ట చూపిస్తుంది, ఆ పేరు గల పిల్ల చెయ్యెత్తాలి. అదే హాజరు. మే నెలలో బడి చూపించడానికి తీసుకెళ్లినప్పుడు తన పేరు అట్ట ఎదురుగా పెట్టేసరికి ఆమని రెండు చేతులూ గౌను వెనక దాచేసుకుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తనలాంటి పిల్లే తెర మీద చెయ్యెత్తడం చూస్తే ఆ బెరుకు పోతుందని ధరణి నమ్మకం. అలాంటి బొమ్మ చేసిపెడతానని సైగలతో మాటిచ్చింది. సోమవారానికి ఇంక ఐదు రోజులే ఉన్నాయి. బొమ్మ ఒక్క సెకను కూడా కదల్లేదు.

మంగతాయారు గారు పట్టికంతా ఓపిగ్గా చదివి, కూడికలు సరిగ్గా ఉన్నాయన్నారు. తరవాత బొమ్మ చూపించమన్నారు. ధరణి సంచిలోంచి తీసింది. రెండు జడల పిల్ల, పసుపు గౌను, పొట్టకి అడ్డంగా పెట్టుకున్న కుడిచెయ్యి. ముచ్చటగా కుదిరింది. ఆవిడ కాసేపు చూసి కత్తెర అందించారు.

"చెయ్యి ఎత్తించు."

ధరణి చేతి అంచు వెంట కత్తిరించి పైకి జరిపింది. చెయ్యి లేచింది. అది ఉన్న చోట గౌనుకి చెయ్యంత కన్నం పడి, కింది బల్లచెక్క కనబడింది. ధరణి ఏమీ కంగారు పడలేదు. ఆ ఖాళీని సాఫ్ట్‌వేరే పూడ్చేస్తుందనీ, నూట పన్నెండు వచ్చినదానిలో ఆ సౌకర్యం ఉందనీ, అందుకే తొమ్మిదో గడిలో దానికి పదికి పది వేశాననీ గడగడా చెప్పుకుపోయింది.

ఈలోగా ఆమని స్టూలెక్కి బల్ల మీదికి వంగింది. బొమ్మ పొట్టలో కన్నం అంచుని వేలితో తడిమింది. కత్తిరించిన చేతిని తెచ్చి మళ్లీ దాని చోటే పెట్టి, పైన తన అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి పట్టుకుంది. అక్క తీయబోతే వద్దని తల అడ్డంగా ఊపింది.

ధరణి తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చేతి కింద ఏముంది?" అని మంగతాయారు గారు మెల్లగా అడిగారు.

"ఏం లేదండీ," అంది ధరణి. "ఎలాగూ కనబడదు కదాని గీయలేదు."

ఆవిడ రెండు తెల్ల కాగితాలు ముందుకి జరిపారు.

ధరణి మొదటి కాగితం మీద కుడిచెయ్యి లేకుండా పిల్లని గీసింది. అంతవరకూ తను కూడా చూడని చోట గౌనుకి ఏముంటుందో ఆలోచించాల్సి వచ్చింది. నడుం పట్టీ గీసింది. దాని కింద జేబు, జేబులోంచి తొంగిచూసే ఎర్ర రుమాలు. రెండో కాగితం మీద చెయ్యి. మొదట గౌను పొట్టి చేతుల అంచు దాకానే గీసి కత్తిరిస్తే, పైకెత్తినప్పుడు చంక దగ్గర సందు పడింది. దాన్ని పక్కన పడేసి, చెయ్యి గుడ్డ లోపలికి భుజం దాకా సాగేలా ఇంకొకటి గీసి కత్తిరించింది. కింది టైలరుని అడిగి ఒక టిచ్ బటన్ తెచ్చి, చెయ్యి పైకీ కిందికీ తిరిగేలా భుజం దగ్గర బిగించింది. అప్పటికి మధ్యాహ్నం అయింది. లాప్‌టాప్ సంచిలోనే ఉంది.

అట్టముక్క మీద ఆమని పేరు రాసి బొమ్మకి చూపించింది. బొమ్మ చెయ్యెత్తింది. ఆమని ఒక్కసారిగా వంగి చేతి కింద చూసింది. గౌను ఎక్కడా చిరగలేదు. జేబు, ఎర్ర రుమాలు. చెయ్యి దించి చూసింది, తనే ఎత్తి చూసింది. ధరణి మళ్లీ అట్ట చూపించింది, బొమ్మ మళ్లీ ఎత్తింది. మూడోసారి అట్ట చూపించి బొమ్మ చేతిని పట్టుకోబోయేలోపు ఆమని చెయ్యి పైకి లేచి ఉంది.

ధరణి అట్టముక్క బల్ల మీద పెట్టింది. మంగతాయారు గారు కత్తెర సొరుగులో పెట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఇప్పుడు అడుగమ్మా, ఏ సాఫ్ట్‌వేరో."