మీటింగులో కుసుమ అన్న మాట

…అదేనండీ, ఏమనుకోకండి, మొన్న చెప్తానన్న సంగతి చెప్పడానికి ఇన్ని రోజులు లాగేశాను. ఫోను చేతిలోకి తీసుకోవడం, ఏదో ఒక పని తగలడం. ఆఫీసు పెరిగేకొద్దీ అందులో మనుషులు ఎందుకు బిగుసుకుపోతారని అడిగారు కదా మీరు. సరిగ్గా అదే మాట మా బెజవాడలో మురహరి అనే అతను వాళ్ళ మేష్టార్ని అడిగాడు. ఆ మేష్టారు సోమసుందరం గారు. ఒకప్పుడు సినిమా హాళ్ళలో వేసే స్లైడులకీ, రేడియోకీ ప్రకటనలు రాసి రాసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు. ఊళ్ళో యాడ్ ఏజెన్సీలు నడిపేవాళ్ళలో చాలామంది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఆయనకో అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. లేచి చెప్పులేసుకుంటారు, పద చూద్దాం అంటారు.

మురహరి సంగతి చెప్పాలి ముందు. గవర్నరుపేటలో జిరాక్సు షాపు పైన ఒక్క గదిలో యాడ్ ఏజెన్సీ మొదలెట్టాడు. డేవిడ్ రాజు అని బొమ్మలు వేసే కుర్రాడు, ఇంకో ఇద్దరు. ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకునేవాళ్ళు. మురహరి ఏదైనా రాసి చూపిస్తే, ఇది మీ పెళ్ళిశుభలేఖలా ఉందన్నా, ఎవడు చదువుతాడు అని డేవిడ్ రాజు మొహం మీదే అనేసేవాడు. మురహరి వాణ్ణి తిట్టేవాడు, తిట్టి మళ్ళీ రాసేవాడు. అలా అలా పేరొచ్చింది. ఇప్పుడు లబ్బీపేటలో ఒక అంతస్తంతా వాళ్ళదే. అద్దాల గది, ముప్ఫైమంది మనుషులు. పాతవాళ్ళు అన్నా అంటారు, కొత్తవాళ్ళు సార్ అంటారు. అయినా అందరం ఒకటే అని మురహరి గట్టి నమ్మకం. గోడ మీద పెద్ద అక్షరాలతో 'మనమంతా ఒక కుటుంబం' అని రాయించాడు. శుక్రవారం శుక్రవారం బిర్యానీ తెప్పిస్తాడు. ఏమైనా చెప్పాలనుకుంటే చీటీ రాసి వెయ్యమని ఒక డబ్బా కూడా పెట్టించాడు. అందులో ఇప్పటిదాకా పడింది ఒక్కటే, బాత్రూములో గొళ్ళెం సరిగ్గా పడట్లేదని.

మొన్న ఆషాఢంలో దెబ్బ తగిలింది. వాళ్ళ దగ్గర ప్రకటనలు చేయించుకునే చీరల షాపు ఒకటుంది, ఆఫీసు సగం దాని మీదే నడుస్తుంది. ఆషాఢం తగ్గింపు ధరలకి బోర్డులు కావాలన్నారు. టైము లేదు. దీపావళికి తీసిన ఫోటో ఒకటి ఉంటే, మురహరే ముచ్చటపడి దాన్ని ఏరాడు. పసుపు రాసిన గడప, కొత్తకోడలు, అత్తగారు, ఇద్దరూ నవ్వుకుంటూ కలిసి గడప దాటుతుంటారు. కింద 'మీ కోడలికి ఆషాఢం కానుక' అని రాసి ఊరంతా పెట్టేశారు. ఇంకేముంది, ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని పుట్టింటికి పంపేస్తాం కదండీ ఆ పిల్లని. జనం బోర్డు ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఈ షాపువాళ్ళకి క్యాలెండరు కొనిపెట్టండ్రా అని ఒకటే ఎగతాళి. షాపు యజమాని బోర్డులన్నీ దింపించేసి, పాత మొహమాటం కొద్దీ శ్రావణమాసానికి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అదీ పోతే సగంమందిని ఇంటికి పంపాల్సిందే.

మురహరికి తప్పు చేసినందుకు కాదు బాధ. అంతమంది చూశారు, ఒక్కళ్ళు చెప్పలేదే అని. అడిగితే కొత్తవాళ్ళు నీళ్ళు నమిలారు, సార్‌కి తెలియకుండా ఉంటుందా అనుకున్నామండి అన్నారు. డేవిడ్ రాజుని పట్టుకుంటే వాడు తల వంచుకుని, చూశానన్నా, నువ్వు అంత ముచ్చటపడ్డావు కదా అని ఊరుకున్నా అన్నాడు. ఆ మాట విన్న మురహరి తిన్నగా మేష్టారింటికి వెళ్ళి, బిర్యానీ దగ్గర్నుంచి గొళ్ళెం దాకా అంతా చెప్పుకొచ్చి, "ఇంకేం చెయ్యాలి మేష్టారూ, నాకు నిజం చెప్పే మనుషులు కావాలి" అన్నాడు. మేష్టారు కాఫీ తాగడం పూర్తిచేసి, రేపు మీటింగు ఎన్నింటికి అని మాత్రం అడిగారు.

మర్నాడు మేష్టారొచ్చి ఓ మూల కుర్చీలో కూచున్నారు. ఆ మీటింగు శ్రావణం ప్రకటన గురించే. మురహరి లేచి తన ఆలోచన చెప్పాడు. బావుంది కూడానండీ, అబద్ధం ఎందుకు. ముందు ఊరంతా ఉత్త పసుపురంగు బోర్డులు పెడతారు, మీద ఒక్క అక్షరం ఉండదు. ఇదేంట్రా బాబూ అని జనం బుర్ర గోక్కుంటూ ఉండాలి. సరిగ్గా వరలక్ష్మీ వ్రతానికి నాలుగు రోజుల ముందు, పొద్దున్న లేచేసరికి అన్ని బోర్డుల మీదా చీరలు. చెప్తూ చెప్తూ తనే పొంగిపోయాడు. చివర్లో, ఎవరైనా ఏమైనా అనండి, భయపడకండి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నామనుకోండి అన్నాడు.

అప్పుడు కుసుమ అని, ప్రకటనలు రాసే పిల్ల, చేరి ఇంకా ఏడాది కాలేదు, పెన్ను తిప్పుకుంటూ తిప్పుకుంటూ, "నాలుగు రోజుల ముందు చీర చూపిస్తే జాకెట్ ఎవరు కుడతారు సార్? శ్రావణం వచ్చేసరికే టైలర్లు ఇంక కొత్తవి తీసుకోం అంటారు" అంది.

మురహరి హుషారు మీద ఉన్నాడు కదా, "అయితే చీరతోపాటు కుట్టుమిషను కూడా ఉచితమని వేసేద్దామమ్మా" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఎగతాళి కాదండీ, నిజంగా అభిమానంగానే అన్నాడు. కుసుమ కూడా నవ్వింది. నవ్వి, పెన్నుకి మూత పెట్టేసింది. డేవిడ్ రాజు ఏదో అనబోయి ఆగి, ఫోను చూసుకున్నాడు. ఆ తర్వాత ఇంకెవరో చాలా బావుంది సార్ అన్నారు, వెనకాలే నలుగురు బావుందన్నారు, సమోసాలు వచ్చాయి.

సాయంత్రం అద్దాల గదిలో మేష్టారూ మురహరీ ఇద్దరే మిగిలారు. మురహరికి మనసు తేలికపడింది. మర్నాడు పొద్దున్నే షాపు యజమానికి ఇదే చూపించాలి, ఆయన ఊఁ అంటే పని మొదలైపోతుంది. ఎంత సరదాగా ఉంటారో చూశారా మా వాళ్ళు, మరి ఆ బోర్డు దగ్గర నోరెందుకు విప్పలేదంటారు అని మళ్ళీ మొదటికొచ్చాడు. మేష్టారు ఎదురడిగారు.

"ఆ పచ్చచున్నీ అమ్మాయి ఏమందిరా?"

"కుసుమా? ఏదో అందండీ, నేను కుట్టుమిషను ఇద్దామన్నాను."

"అది నువ్వన్నది. ఆ పిల్ల ఏమంది?"

మురహరికి కుట్టుమిషను గుర్తుంది, దానికి ముందు ఏముందో లేదు. నవ్వులు గుర్తున్నాయి. ఎవరెవరు నవ్వారో కూడా గుర్తుంది. ఆ పిల్ల ఏదో అడిగింది, అడగబట్టే కదా తనకా మాట తట్టింది. ఎంత వెనక్కి వెళ్ళినా తన గొంతే వినపడుతోంది. ఇందులోనూ ఏదో ఉందా? రేపు పొద్దున్న షాపు యజమాని ముందు ఇదే పట్టుకుని కూచోవాలా? అద్దంలోంచి చూస్తే అవతల హాల్లో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు, కుసుమ సంచి భుజాన వేసుకుని స్కూటీ తాళం కోసం వెతుక్కుంటోంది.

మీరు విన్నారు కదా మేష్టారూ, కాస్త చెప్పండి, వేళాకోళం కాదు, ఇక్కడ ముప్ఫై కుటుంబాలున్నాయి అని బతిమాలాడు. మేష్టారు తల అడ్డంగా ఊపారు. మురహరి కుర్చీలోంచి సగం లేచాడు. ఒక కన్ను ఆయన మీద, ఒక కన్ను తలుపు మీద.

"నేను చెబితే వింటావురా, ఎప్పుడూ విన్నావు. నువ్వడిగింది మీవాళ్ళు ఎందుకు నోరు విప్పరని కదా" అన్నారు మేష్టారు.

అంతేనండీ, అప్పుడు మురహరి… ఆఁ, వస్తున్నా, వస్తున్నా. పిలుస్తున్నారండీ, కింద ఎవరో వచ్చి—