పేరు పెట్టి పిలిచిన దిబ్బ

పూర్వం తూర్పు సముద్రతీరాన, ఏరు కడలిలో కలిసే చోట, నత్తగుల్లపాలెం అనే జాలరిపల్లెలో రాహేలమ్మ అనే పుణ్యవతి ఉండేది. ఆ పల్లెవారందరూ క్రీస్తు భక్తులు. తాటాకు కప్పిన చిన్న ప్రార్థనా మందిరమే వారికి సర్వస్వం. అక్షరజ్ఞానం లేని రాహేలమ్మకు దేవుడు అపూర్వమైన కంఠాన్ని అనుగ్రహించాడు. ఆదివారం నాడు ఆమె కీర్తన ఎత్తుకుంటే ఏటికి ఆవలి ఒడ్డున మేకలు కాసేవారు సైతం తలలు తిప్పి వినేవారట. ఆ గొంతుకు మురిసిపోయేవారిలో మొదటివాడు ఆమె పెనిమిటి జెకర్యా. "నువ్వు పాడతా ఉంటే నాకు ఆకలే గుర్తుండదే" అనేవాడు. అని, రెండు కంచాల అన్నం ఖాళీ చేసేవాడు.

ఆ తీరంలో పుష్యమాసపు ఉదయాలు మహా ప్రమాదకరమైనవి. చెయ్యి చాపితే వేళ్లు కనబడనంత మంచు దిగేది. వేట ముగించి వచ్చే తెప్పలు ఇసుక మెరకల నడుమ, ఏరు కడలిలో కలిసే ఏటి మొగలోంచే ఒడ్డు చేరాలి. కాస్త పక్కకు తప్పితే విరుచుకుపడే అలల్లో తెప్ప తిరగబడడం ఖాయం. అందుచేత ఆడవాళ్లు తీరం పొడవునా నిలబడి ఎవరి మగవాణ్ని వాళ్లు కేకవేసి పిలవడం ఆచారం. అయితే ఇల్లాలు మొగుడి పేరు నోటితో పలకరాదు గదా! మతం మారినా ఆ మర్యాద మాత్రం మారలేదు. కనుక నలభైమంది స్త్రీలూ నలభై చోట్ల నుంచి "ఓ మావోయ్" అనే అరిచేవారు. నీళ్ల మీద ఉన్నవాడికి ఏ కేక తనదో, తెప్పను ఎటు తిప్పాలో ఎలా తెలుస్తుంది?

అలాంటి ఒక ఉదయాన, అందరి కేకల మధ్య, జెకర్యా గొంతు మంచులోంచి వినబడింది. "ఏ పక్కే? ఏ పక్కే?" అని మూడుసార్లు అడిగాడు. అతని పేరు ఏటి మొగ ఎదుట నిలబడ్డ రాహేలమ్మ గొంతుదాకా వచ్చింది. పక్కనే అత్తగారు, వెనుక సంఘపెద్దలు. సిగ్గుపడి, ఆ పేరు మింగేసి, ఆమె కూడా అందరిలాగే "మావోయ్" అంది. అతడు దక్షిణపు మెరక దగ్గర నిలబడ్డ ఇంకెవరో ఇల్లాలి గొంతును నమ్మి అటు తిప్పాడు. మంచు విడిచేసరికి తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. ఒక్క పేరు, రెండు క్షణాల పని. ఆ పలకని పేరు ఏడాది పొడవునా ఆమె గుండెను కోసింది.

మరుసటి పుష్యంలో మొదటి మంచు దిగిన రోజున రాహేలమ్మ ఏటి మొగకు ఎదురుగా ఉన్న ఇసుకదిబ్బ ఎక్కింది. ఆడవాళ్లందరినీ నోళ్లు మూసుకోమని, తానొక్కతే ఒక్క చోటునుంచి, వేటకు వెళ్లిన ప్రతి మగవాణ్నీ పేరు పెట్టి పిలవసాగింది. ఊరు గుప్పుమంది. "తన మొగుడు పోయాడని మా మొగుళ్ల పేర్లెత్తుద్దా?" అని సాటి స్త్రీలు మెటికలు విరిచారు. అప్పుడు మందిరపు పాదిరి తీతు అయ్యగారు, "దేవుడు ఆ గొంతును గుళ్లో దాచుకోమని ఇచ్చాడా తల్లుల్లారా? పిలవనియ్యండి" అని అడ్డు నిలిచాడు. ఆ రోజు ప్రతి తెప్పా చెక్కుచెదరకుండా ఒడ్డు చేరింది. అందరూ వచ్చాక ఆమె చివరగా "జెకరయ్యోయ్" అని ఒక్క కేక వేసి, చాలాసేపు చెవి ఒగ్గి నిలబడి, ఇంటికి వెళ్లింది. ప్రతి మంచులోనూ అదే వరుస.

ఆ కాలంలో సంఘపెద్ద అంటే మందిరంలో ముందు చాప మీద కూర్చుని గట్టిగా దగ్గడమే పని అనుకునేవారు. ఒక పెద్ద పోయి చాప ఖాళీ అయినప్పుడు ఊరంతా ఏకగ్రీవంగా రాహేలమ్మ పేరు చెప్పింది. ఆమె మాత్రం "నాకు చాపెందుకయ్యా, దిబ్బ చాలు" అని నవ్వి ఊరుకుంది. అయినా తగవు తీరాలన్నా, బిడ్డకు పేరు పెట్టాలన్నా జనం దిబ్బ దగ్గరికే వెళ్లేవారు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఒకనాటి దట్టమైన మంచులో, ఇంకా పదకొండుమంది నీళ్ల మీద ఉండగా, ఉత్తరపు ఒడ్డు నుంచి "వత్తన్నానే" అని ఒక గొంతు వినబడింది. అది జెకర్యా గొంతే. రాహేలమ్మ కాళ్లు వాటంతటవే దిబ్బ దిగసాగాయి. అంతలో సముద్రంలోంచి, కొత్తగా పెళ్లయిన సీలయ్య "పెద్దమ్మో, ఏ పక్కే?" అని కేకపెట్టాడు. ఆమె ఆగింది. ఉత్తరంగా ఒకసారి చూసి, వెనుదిరిగి దిబ్బ ఎక్కి, కళ్ల నీళ్లు కారిపోతుండగా "సీలయ్యా, ఇటు!" అని పిలిచింది. పదకొండో మనిషి ఇసుకలో కాలు పెట్టేదాకా అక్కడినుంచి కదలలేదు. ఆ తర్వాత ఉత్తరపు ఒడ్డుకు పరుగెత్తింది. అక్కడ మనిషి లేడు. నీళ్లలోంచి వచ్చిన పాదముద్రలు దిబ్బవైపు ఏడడుగులు నడిచి, ఆగి ఉన్నాయి. వెతుక్కుంటూ వచ్చిన అయ్యగారితో ఆమె, "వచ్చాడయ్యగారూ, నేనే పనిలో ఉండా" అని, అల వచ్చి చెరిపేదాకా ఆ అడుగుల పక్కనే కూర్చుంది.

ఆమె పరమపదించాక పల్లెవారు ఆ దిబ్బ మీదనే మందిరం కట్టుకుని, ఆ చోటికి పిలుపుదిబ్బ అని పేరు పెట్టుకున్నారు. ఎన్ని తుపానులు వచ్చి తీరాన్ని కోసుకుపోయినా ఆ దిబ్బలో పిడికెడు ఇసుక తరగలేదని భక్తుల నమ్మకం. నేటికీ అక్కడ పెళ్లి జరిగితే, పెళ్లికొడుకు నడుములోతు నీళ్లలో నిలబడతాడు. పెళ్లికూతురు దిబ్బ ఎక్కి, అత్తమామల ఎదుటే, గొంతెత్తి అతణ్ని పేరు పెట్టి పిలుస్తుంది. అతని బదులు వినబడేదాకా ఎవరూ కదలరు. కొంటెతనానికి పలకకుండా జాగుచేసే పెళ్లికొడుకును ముసలమ్మలు నిజంగానే కోప్పడి, "పలకరా నాయనా, పిల్ల గుండె పట్టుకుని నిలబడుంది" అంటారు.