కుండకో పన్ను

మామిడిగెడ్డ వాళ్ళకి తమ తెలివి మీద ఎంత జాగ్రత్తంటే, ఎవరైనా సలహా అడిగితే తలుపులేసుకుని చెప్పేవాళ్ళు, తెలివి బయటికి పోతుందని. అందరిలోకీ తెలివైనవాడు కుమ్మరి పైడయ్య. ఆ మాట ఆయనే చెప్పేవాడు. భార్య నూకాలు అవునవునని తలూపేది.

పాపం, పైడయ్యకి ఒకటే దిగులు. సంతకి పోయే దారంతా రాళ్ళూ గోతులూ. కావిట్లో పది కుండలు పెట్టుకుని బయల్దేరితే చేరేవి నాలుగు. ఇంకో ఏడాది ఇట్లాగే సాగితే కుండలు తిప్పే సారె అటకెక్కించి కూలికి పోవాల్సిందే.

ఒకరోజు తాలూకా గుమాస్తా వచ్చి దండోరా వేయించాడు. "సంతలో అమ్మే ప్రతి వస్తువు మీదా చిన్న పన్ను వేస్తాం. ఆ పన్నుతో రోడ్డు వేస్తాం. కావాలో వద్దో వచ్చే నెల ఓటేసి మీరే చెప్పండి."

"ఇన్నావేటే నూకాలూ? వస్తువుకో చిన్న పన్ను వెయ్యాలంట."

"చిన్న పన్నంటే పాలపన్నే కదా మావా. పిల్లలవన్నీ ఇంటికప్పు మీదికే ఇసిరేశాం."

ఇంకేముంది, ఊరు ఊరంతా ఇళ్ళెక్కింది. పెంకులు తీశారు, తాటాకులు పీకారు, ఆకాశం ఇంట్లోకి వచ్చేసింది. ముసలి సోములమ్మకి మిగిలింది ఒక్క పన్నే. ఆవిడ నోరు మూసుకుని ధాన్యపు గాదెలో దాక్కుంది.

ఆ వారం సంతలో, కుండ మీద పెడితే జారిపోతోందని, పైడయ్య కుండకో పన్ను లోపలే వేశాడు. పొరుగూరి ఆవిడ కుండ ఎత్తి ఊపింది. గలగలమంది. చెయ్యి పెట్టి తీసింది.

"ఇదేటయ్యా?"

"పన్నమ్మా. రోడ్డు కోసం."

"ఎవరిది?"

"మా పెద్దోడిది. ముందుపన్ను, పుచ్చు లేదు."

అంతే. కుండ అక్కడే వదిలి ఆవిడ వెనక్కి చూడకుండా పోయింది. ఆవేళ ఒక్క కుండా అమ్ముడుపోలేదు.

ఓట్ల రోజు రానే వచ్చింది. గుమాస్తా చావిట్లో పెట్టె పెట్టి, అందరికీ చీటీలిచ్చి, "ఓటు రహస్యం సుమండీ, ఎవరికీ చూపించకూడదు" అన్నాడు. అంతే, అందరూ చీటీలు రొంటిన దోపుకుని ఇళ్ళకి పోయారు. నూకాలు ఇంకా తెలివైంది, నమిలి మింగేసింది. సాయంత్రం పెట్టె తెరిస్తే ఖాళీ.

"ఓట్లు ఏవయ్యా?" అన్నాడు గుమాస్తా.

"చెప్పకూడదు బాబూ, రహస్యం," అన్నాడు పైడయ్య.

"పెట్టెలో వెయ్యాలి కదయ్యా?"

"ఆ పెట్టె పొద్దున్నించీ నోరు తెరుచుకునే ఉంది బాబూ. దానికి రహస్యం ఎలా చెప్తాం?"

గుమాస్తా మంచివాడు, ఓపికున్నవాడు. పన్నంటే నోట్లోది కాదనీ, కొన్నదాని మీద పైసో రెండు పైసలో ఇవ్వడమనీ గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. కొత్త చీటీలిచ్చాడు. "దీన్ని మింగకు తల్లీ" అని నూకాలుకి విడిగా చెప్పాడు. మొత్తానికి రోడ్డు గెలిచింది.

ఏడాది తిరిగేసరికి నల్లగా, నున్నగా రోడ్డు పడింది. పైడయ్య దాన్ని అరచేత్తో నిమిరాడు. సారె మీద అప్పుడే తిరిగిన కుండలా ఉంది. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇది ఎక్కడికెళ్తది బాబూ?" అని గుమాస్తాని అడిగాడు.

"నేరుగా సంతకే వెళ్తుంది. ఎక్కడా ఆగదు."

అంతే. మర్నాడు తెల్లారుతూనే మొగుడూ పెళ్ళాం వంద కుండలు తెచ్చి రోడ్డు మీద బారుగా పేర్చారు. "జాగ్రత్తగా తీసుకెళ్ళు తల్లీ" అని రోడ్డుకి దణ్ణం పెట్టుకున్నారు. కుండల కన్నా ముందు చేరాలని పాత రాళ్ళదారిన పరుగెత్తారు. సంతలో గోనె పరుచుకుని కూచున్నారు.

"ఇంకా రాలేదేటే?" అన్నాడు పైడయ్య.

"బరువు కదా మావా. మెల్లిగా వస్తది."

కాసేపటికి కొత్త బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి చక్రాలకి గుచ్చుకున్న ఎర్రటి కుండపెంకులు పీకుతున్నాడు.

"బాబూ, దారిలో మా కుండలు కనబడ్డాయా?"

"కనబడకేం. మలుపు తిరిగేసరికి ఎదురుగానే ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు."

పైడయ్య పెళ్ళాం వైపు గర్వంగా తిరిగాడు.

"చూశావేటే? సంత దాకా రానేలేదు, దారిలోనే అన్నీ అయిపోయాయి. లే, వచ్చే వారానికి రెండొందలు చెయ్యాలి."