తొమ్మిది విస్తళ్ళ పద్దు

ఏ రాజ్యమని మాత్రం నన్నడక్కండి. ఆ వంశం వాళ్ళు ఇంకా ఎక్కడైనా ఉన్నారేమో, నాకెందుకొచ్చిన గొడవ. ఆ రాజు పేరు రణధీరమల్లుడు. పేరు విని బెదిరిపోనక్కర్లేదు, పక్కగదిలో పిల్లి మూత పడేస్తే కత్తి దూసే రకం. ఎవరైనా నవ్వితే తనను చూసే నవ్వారనుకునేవాడు. నవ్వకపోతే ఏదో దాస్తున్నారనుకునేవాడు.

ఆయనకో అలవాటుంది. ప్రతి నెలా పాడ్యమి నాడు కొలువు తీర్చి, కోట ఖర్చుల పద్దులు చదివించుకునేవాడు. కరణం చదువుతుంటే మీసం మెలేస్తూ వినడం, ఏదైనా పెరిగిందంటే ఇంకోచోట కోత పెట్టడం. దానికి ‘సర్దుబాటు’ అని పేరు కూడా పెట్టుకున్నాడు.

కోటలో బియ్యం, పప్పు, నెయ్యి నిలవుండే ఉగ్రాణం తాళాలు కోనమ్మ దగ్గర ఉండేవి. ముప్ఫై ఏళ్ళుగా సరుకు కొలిచి వంటశాలకి ఇచ్చేది ఆవిడే. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. ఆ తాళాలగుత్తి, దానితోపాటు సంపాదించుకున్న మంచి పేరు, అవే ఆవిడ ఆస్తి.

ఇక గొడవ ఎలా మొదలైందో చెబుతాను. విషం కలిసిందేమోనని, రాజు తినే భోజనం ముందుగా ఒకడు తిని చూపించాలని అక్కడి ఆచారం. వేలితో నాకి బాగుందంటే కుదరదు. విస్తరేసుకుని, రాజుకి వడ్డించేవన్నీ నేతితో సహా కడుపునిండా తినాలి. ఆ తర్వాత ఒక ఘడియ బతికుండి చూపించాలి. ఆ పనికి ముందునించీ ఒక ముసలాయన ఉండేవాడు. ఒకనాడు రాజుగారికి, ఈ ముసలాడు వంటవాళ్ళతో చేతులు కలిపితే నా గతేమిటి అని పురుగు తొలిచింది. వెంటనే రెండోవాణ్ణి పెట్టాడు.

కొత్తవాడి జీతం సైన్యం పద్దులో రాశారు. వాడు తినే తిండి మాత్రం వంటశాల పద్దులో పడింది. ఆ నెల నెయ్యి, బియ్యం రెండూ పెరిగాయి. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. వంటశాలలో దొంగలున్నారన్నాడు. నెయ్యి దొంగిలించే చెయ్యి విషం కలపదని నమ్మకమేమిటని, రుచి చూడ్డానికి మరో ఇద్దర్ని పెట్టాడు. పైనెల ఖర్చు ఇంకా పెరిగింది. మరో ఇద్దరు వచ్చారు. ఆపైన నెలకొకడు చొప్పున చేరి, ఆరు నెలలు తిరిగేసరికి తొమ్మండుగురయ్యారు. ఒకడు తిని ఘడియ కూర్చున్నాక ఇంకొకడు, వాడి తర్వాత మరొకడు.

ఈ లోపల సర్దుబాట్లు ఆగలేదు. రాణిగారి గడ్డపెరుగు పోయింది. పిల్లల సున్నుండలు పోయాయి. గుర్రాల ఉలవలు సగమయ్యాయి. కరణానికి అసలు సంగతి తెలియదా అంటే తెలుసు. నోరు తెరిస్తే అనుమానం తనమీదికి మళ్ళుతుందని ఊరుకున్నాడు.

ఆరో నెల పాడ్యమి నాడు రాజు కోనమ్మను కొలువుకి పిలిపించి, నిండు సభలో ఆవిడకేసి వేలు చూపించాడు. వచ్చే పాడ్యమికల్లా దొంగ దొరకాలన్నాడు. దొరికినవాడికి నెల్లాళ్ళు ఉప్పులేని గంజే తిండి అన్నాడు. దొరక్కపోతే కోనమ్మే దొంగని తేల్చి, తాళాలు లాక్కుని గాడిద మీద ఊరేగిస్తానన్నాడు.

ముప్ఫై ఏళ్ళలో గిద్దెడు నూనె ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. కానీ అక్కడ ఏడిస్తే అదీ నటనే అంటాడని తెలుసు. ఆపుకుని ఒక్కటే అడిగింది.

“దొంగ ఎవరైనా ఇదే శిక్షా ప్రభూ? తమ సొంత మనుషులైతే?”

రాజు తల చటుక్కున బావమరిది వైపు తిరిగింది. పాపం ఆ బావమరిది అప్పుడే తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు, ఉలిక్కిపడి మింగేశాడు. దాంతో రాజుకి రూఢి అయిపోయింది.

“ఎవరైనా ఇదే శిక్ష,” అని కత్తి మీద ఒట్టేశాడు.

కోనమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆ నెలంతా రాజు బావమరిది వెనకాలే వేగులవాళ్ళని తిప్పాడు.

పాడ్యమి వచ్చింది. కోనమ్మ ఆ తొమ్మండుగుర్నీ వెంటబెట్టుకొచ్చి వరసగా నిలబెట్టింది. బాగా తిని బుగ్గలు నిగనిగలాడుతున్నారు. ఒక్కొక్కణ్ణీ రెండే ప్రశ్నలడిగింది, ఏం తింటున్నావు, ఎవరు తినమన్నారు అని. తొమ్మండుగురూ రాజభోజనమనీ, రాజుగారి ఆజ్ఞ అనీ చెప్పారు.

“ప్రభూ, పూటకి తొమ్మిది విస్తళ్ళు. నెలకి ఐదువందల నలభై. ఆరు నెలలుగా పెరిగిన నెయ్యీ, బియ్యమూ సరిగ్గా ఇక్కడికే వెళ్ళాయి. కావాలంటే కరణంగారు లెక్క చూస్తారు. వీళ్ళు దొంగలు కారు, తినమంటే తిన్నారు. తినమన్నవారెవరో తమరే విన్నారు.”

కరణం తలొంచుకుని లెక్క సరిపోయిందన్నాడు. రాజు మొహం కందగడ్డలా అయింది. ఇది కుట్ర కాదు గదా అని చుట్టూ చూశాడు. అందరూ ఆ కత్తినే చూస్తున్నారు. ఒట్టు వేసింది దానిమీదేనాయె.

“అయితే నన్ను గంజి తాగమంటావా?” అన్నాడు పళ్ళు బిగించి.

“నేనెవర్ని ప్రభూ, శిక్ష తమరే వేశారు. కాకపోతే ఆచారం తప్పకూడదు. తమరు ఏది తీసుకుంటే ముందు ఈ తొమ్మండుగురూ అదే తీసుకోవాలి.”

తొమ్మండుగురి బుగ్గలూ ఒక్కసారిగా పాలిపోయాయి.

మర్నాటినించి రాజుకీ, తొమ్మండుగురికీ ఉప్పులేని గంజి మొదలైంది. మూడోనాడు ఒకడికి జ్వరమొచ్చింది. ఐదోనాడు ఇద్దరి అత్తగార్లకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. పక్షం తిరిగేసరికి ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఆయనకి పళ్ళు లేవు, గంజితో హాయిగానే ఉంది.

ఆ పై పాడ్యమికి కరణం పద్దు చదివాడు. రాణిగారి పెరుగూ, పిల్లల సున్నుండలూ, గుర్రాల ఉలవలూ తిరిగి ఇచ్చినా ఇంకా మిగులే. రాజు ఊరుకుంటాడా? ఇంత మిగిలిందంటే ఎక్కడో ఏదో మోసం ఉందని మొదలుపెట్టాడు. అంతలో ‘మళ్ళీ మొదలా’ అన్నట్టున్న రాణి మొహం కనబడింది. మాట మధ్యలోనే ఆగి, తనమీద తనకే నవ్వొచ్చి పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వడం ఆ కొలువు ఎన్నడూ చూడలేదు.

ఇకమీదట నెలనెలా పద్దులు చూసి సర్దే పని కోనమ్మదేనని అక్కడికక్కడే శాసనం రాయించాడు. ముసలాయనకి భరణం ఇచ్చి ఇంటికి పంపాడు. తర్వాత సింహాసనం దిగి నేరుగా వంటశాలకి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

“కోనమ్మా, ఈ పూట నాకు నువ్వే వడ్డించు. ముందెవరూ తినక్కర్లేదు.”

కోనమ్మ అప్పుడే వార్చిన అన్నం పెట్టి, నెయ్యి వేసింది. ఈసారి ఆవిడ కళ్ళనీళ్ళు ఆపుకోలేదు. ఎవరో ఒకరు రుచి చూసి ఘడియ కూర్చున్నాక తినడమే తప్ప, పట్టాభిషేకం అయ్యాక రాజు పొగలు కక్కే అన్నం ఎరగడు. ఆత్రంగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, నాలుక చుర్రుమని కాలింది. కోట గుమ్మం దాకా వినబడేలా నవ్వి, రెండో ముద్ద కలిపాడు.