నీలం వెలిసిన చోట

"ఉస్తాదూ, దీనికి కొత్త పూత ఎక్కిద్దామా, వద్దా?" అని ఓబులేసు అడిగాడు. అడిగాడన్న మాటేగానీ జవాబు అతడి దగ్గరే సిద్ధంగా ఉంది, ఎక్కిద్దామని. ఉస్తాదు నోటి వెంట ఆ ముక్క ఒకటి వినబడితే పని మొదలుపెట్టుకోవచ్చు. మనలో చాలామంది పెద్దలను సలహా అడిగేది ఇట్లాగే గదా.

ఉస్తాదంటే పీరయ్య. ముప్పై ఏళ్ళు పోలీసుల ఆయుధాలకు మరమ్మతు చేసి రిటైరై, నంద్యాలలో లైసెన్సు తుపాకులు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. అడిగినదానికి తిన్నగా బదులు చెప్పడమనేది ఆయన ఇంటా వంటా లేదు. ఓబులేసు పదకొండేళ్ళుగా ఆయన శిష్యుడు. ఆ పొద్దు బల్లమీద గుడ్డ పరిచి పెట్టిన రివాల్వరు మాత్రం షాపుకొచ్చిన ఏ గిరాకీదీ కాదు, ఓబులేసు నాయనది. చెన్నకేశవులని, నల్లమలలో వెదురు కాంట్రాక్టరు. ఆయన పోయి పదినెలలు దాటింది. లైసెన్సు మొన్ననే కొడుకు పేర మారింది. సంవత్సరీకం నాటికి రివాల్వరును తళతళలాడించి నాయన పటం కింద పెట్టాలని ఓబులేసు ముచ్చటపడ్డాడు.

ముచ్చటకు కారణం లేకపోలేదు. ఓబులేసుకు నాలుగేళ్ళప్పుడు, అడవిలో వెదురు డిపో పక్కన గుడిసె ముందర ఆడుకుంటుంటే ఎలుగుబంటి మీదికొచ్చింది. నాయన ఈ రివాల్వరే తీసి రెండు గుండ్లు గాల్లోకి పేల్చాడు. ఎలుగు పారిపోయింది, బిడ్డ దక్కాడు. ఏ పెళ్ళికి పోయినా ఆ కథ చెప్పందే చెన్నకేశవులు విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. ఓబులేసుకు నిజానికి గుర్తున్నది ఆ శబ్దం ఒక్కటే, మిగిలినదంతా విన్నదే. అయినా అతడు తుపాకుల పనిలో చేరింది ఆ కథను నమ్ముకునే.

ఉక్కును మందునీళ్ళలో ఉడికిస్తే నీలపునలుపు నిగ్గు తేరుతుంది. దాన్నే షాపులో నీలం అంటారు. ఈ రివాల్వరుకు ఆ నీలం అక్కడక్కడా వెలిసింది. గుండ్లు పెట్టే సిలిండరు వెనకాల, కుడిపక్కన, రూపాయి బిళ్ళంత మేర మరీ బోడిగా తెల్లబడింది. కొత్త నీలం ఎక్కాలంటే ముందు పాతదంతా సానచక్రం మీద అరగదీయాలి. ఉస్తాదు ఆ తెల్లమచ్చను చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరు అరగదీసినార్రా?"

"ఇంకెవరు ఉస్తాదూ, మా నాయన. పట్టుకొని పట్టుకొని అరిగింది."

"గాడిదగుడ్డు! పదకొండేండ్లు నేర్చుకున్నది ఇదేనా? రేపు మీ అమ్మను షాపుకు తోడుకోని రా."

మర్నాడు పదిగంటలకు సుంకులమ్మ వచ్చింది. "ఏంది పీరయ్యన్నా, మావాడేమన్నా చెడగొట్టినాడా?" అంటూ కొంగు సర్దుకొని స్టూలు మీద కూర్చుంది. ఉస్తాదు సిలిండరు తెరిచి లోపల గుండ్లు లేవని తాను చూసుకొని, శిష్యుడికీ చూపించి, మూసి ఆమె ముందర పెట్టాడు.

"ఒక్కసారి పట్టుకో చెల్లెమ్మా."

"నాకెందుకన్నా ఈ ఇనుపముక్క?" అంటూనే ఆమె కుడిచేయి చాచి, గుడ్డ లేకుండా వేడిగిన్నె దించినట్టు రెండు వేళ్ళతో ఎత్తింది. ఓబులేసుకు నవ్వాగలేదు. "చూస్తివా ఉస్తాదూ! మాయమ్మకు అట్లకాడ తప్ప ఏం తెలుసు?"

 ఆమె వెనకాల బల్ల చివర ఇనుము రాకే ఆకురాళ్ళు నింపిన ఇనుప పళ్ళెం ఉంది. ఉస్తాదు దాన్ని మోచేత్తో కిందికి తోసేశాడు.

షాపు అదిరిపోయింది. ఓబులేసు ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి స్టూలు ఖాళీ. అమ్మ అతడికీ ఆ చప్పుడుకీ నడుమ నిలబడి ఉంది. కుడిచేయి అడ్డంగా చాచి అతడి రొమ్ము మీద పెట్టి వెనక్కి నెడుతోంది. రివాల్వరు ఎడమచేతిలో ఉంది.  ఆమె బొటనవేలు కుడిపక్కకు వచ్చి ఆ తెల్లమచ్చ మీద అంచు తప్పకుండా ఆనుకుంది.  కుడిచేత్తో పట్టేవాడి బొటనవేలు ఎడంపక్కన పడుతుంది, ఎడంచేతివాటం మనిషిదైతే కుడిపక్కన. నాయనది కుడిచేతివాటం. ఊరందరి తుపాకులకూ ఈ లెక్క చెప్పగలిగినవాడికి ఇంటి తుపాకీ దగ్గర కళ్ళు మూసుకుపోయాయి. పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నారా!

సుంకులమ్మ తేరుకొని, దొంగతనం బయటపడ్డదానిలాగా, రివాల్వరును గబుక్కున కుడిచేతికి మార్చుకుంది.

"అమ్మా... నీది ఎడంచేతివాటమా?" తన ముప్పై రెండేళ్ళలో ఆమె ఆ చేత్తో ఒక్క మెతుకు వడ్డించగా అతడు చూడలేదు.

"పెండ్లయిన కొత్తలో ఈ చేత్తో గరిటె పట్టినానని మా అత్త, మీ జేజి, వాత పెట్టింది నాయనా. అప్పట్నుంచి ఎవురి ఎదుటా ఎత్తలేదు. అడవిలో చూసేవాళ్ళెవురు? మీ నాయన లారీల వెంట పోతే పొద్దుగుంకేదాకా రాడు. ఇది ఒళ్ళో పెట్టుకొని కూర్చునేదాన్ని, ఆరేండ్లు."

"అయితే ఆ పొద్దు ఎలుగు వచ్చినప్పుడు... నాయన ల్యాడా?"

"ల్యాడు."

ఓబులేసుకు కోపమొచ్చింది, సిగ్గేసింది, ఎవరి మీదనో తెలియలేదు. బతికించిన మనిషిని ఎదురుగా పెట్టుకొని ఇన్నేళ్ళూ ఇంకొకరికి దండం పెట్టాడు. ఇప్పుడే, ఈ నోటితోనే అట్లకాడ అని నవ్వాడు.

"మీ నాయనను ఏమనొద్దురా," అంది సుంకులమ్మ. "రేంజరు వచ్చి పేల్చిందెవరని గద్దిస్తే, లైసెన్సు నాది, పేల్చింది నేనే అన్నాడు. నన్ను టేషనుకు ఈడుస్తారని భయపడి అన్నాడు. ఆ తర్వాత చెప్పీ చెప్పీ ఆయనకే నిజమైపాయ."

"మరి నువ్వెందుకు చెప్పలేదు మా?"

"అడిగినోళ్ళెవురు? పోనీలే. నలుగురూ ఆయన పేరే చెప్పుకోనీ. నువ్వు పూత ఎక్కించు నాయనా. ఆ మచ్చ పోతే నాకూ నిమ్మళం." ఆమె రివాల్వరును కుడిచేత్తో గుడ్డమీద పెట్టి, కొంగు కప్పుకొని వెళ్ళిపోయింది.

ఓబులేసు సానచక్రం దగ్గర కూలబడ్డాడు. అరగదీస్తే అమ్మ మాట దక్కుతుంది, అమ్మ చేసినదానికి మిగిలిన ఒక్క సాక్ష్యమూ పొడి అయి రాలిపోతుంది. అట్లాగే ఉంచితే అమ్మ మాట తీసేసినట్టు. ఎంతసేపు ఆలోచించినా తెగలేదు.

"ఉస్తాదూ, నీకు దండం పెడతా. ఈ ఒక్కసారి తిన్నగా చెప్పు. ఎక్కించాల్నా, వద్దా?"

పీరయ్య కిందపడిన ఆకురాళ్ళను ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"అరగదీయడం అరగంట పనిరా. మచ్చ పోవాలన్నది మీ అమ్మ మాటో, మీ జేజి వాత మాటో ముందు తెలుసుకో. ఇంటికి పో. ఎడంచేత్తో ఒక పూట అన్నం పెట్టమని మీ అమ్మను అడుగు. పెడితే తిని రా."