చప్పుడు లేని జీపు

లోకంలో తెలివైనవాళ్లు నలుగురే ఉన్నారనీ, ఆ నలుగురూ తమ ఇంట్లోనే పుట్టారనీ గౌరినాయుడి నమ్మకం. నలుగురిలో పెద్దవాడు కాబట్టి తెలివి కూడా తనకే కాస్త పెద్దదని ఇంకో నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు" అని తమ్ముళ్లకు రోజూ చెప్పేవాడు. తమ్ముళ్లు ఆ మాటను చెప్పినట్టే తిరిగి చెప్పేవాళ్లు.

తండ్రి పోతూ పోతూ "ఇల్లు చూసుకోండర్రా" అన్నాడు. అంతే, ఆనాటి నుంచి రోజుకొకడు వీధిలో పీట వేసుకుని ఇంటిని చూస్తూ కూర్చునేవాడు. వెనక గోడ కూలిపోయింది. అటువైపు కూర్చోమని నాన్న చెప్పలేదు మరి.

ఆ నాన్నే చిన్నప్పుడు ఒకసారి వాళ్లను బస్సెక్కించాడు. "ఊరెప్పుడొస్తుంది నాన్నా, ఊరెప్పుడొస్తుంది?" అని నలుగురూ ప్రాణం తీస్తుంటే, "కదలకుండా కూర్చోండి, అదే వస్తుంది" అన్నాడు. కూర్చున్నారు. నిజంగానే ఊరు వచ్చింది! నాన్న మాటకు తిరుగులేదని గౌరినాయుడికి ఆ రోజే తెలిసింది.

అలాంటి ఇంట్లోకి ఒక పాత జీపు వచ్చింది. తమ ఊరు తాటిగుమ్మి కొండ మీంచి జనాన్ని సంతకు దింపి నాలుగు మెతుకులు సంపాదిద్దామని కొన్నారు. అమ్మినవాడు బానెట్టు మీద చరిచి, "ఫోర్ వీల్ బండి! కొండైనా బురదైనా నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి" అన్నాడు. నాలుగు చక్రాలు, నలుగురు అన్నదమ్ములు. ఇంకేముంది, తలా ఒకటి పంచుకున్నారు.

వెనక చక్రం వాటాకొచ్చిన రెండోవాడు తవిటినాయుడు ఊరుకోలేదు. ఎక్కడ మీటింగు జరిగినా ముందు వరసలో కూర్చుని, నినాదాలు మూటగట్టుకొచ్చే మనిషి అతను. "చక్రాలన్నీ సమానమే! ముందు చక్రాల పెత్తనం నశించాలి!" అని పిడికిలి ఎత్తాడు. గౌరినాయుడికి న్యాయమే అనిపించింది. ఆనాటి నుంచి జీపు సంతకు ముందుకు నడుస్తూ వెళ్లేది, ఇంటికి వెనక్కి నడుస్తూ వచ్చేది.

కొన్నాళ్లకు జీపు గొంతు విప్పింది. గేరు వేస్తే ఠక్కు. గేరు తీస్తే ఠక్కు. గుంతలో దిగితే ఠక్కు, ఎక్కితే ఇంకో ఠక్కు. జనం ఎక్కడం మానలేదు గానీ గుండె చేత్తో పట్టుకుని ఎక్కేవాళ్లు.

ఆ చప్పుడుతోనే గౌరినాయుడు పనసమెట్టకు పెళ్లిచూపులకు వెళ్లాడు. పెళ్లికూతురి పేరు పుణ్యవతి. తలుపు చాటునుంచి ఒకే ఒక్క మాట అడిగింది: "పెళ్లయ్యాక జీపులో ముందు సీటు నాదేనా?"

"నీదే" అన్నాడు గౌరినాయుడు. ఆమె ఫక్కున నవ్వింది. అంతే, ఆ నవ్వు గౌరినాయుడి చెవిలోకి దూరి మరి బయటకు రాలేదు.

కానీ ఆమె తండ్రి జగ్గునాయుడు పెరట్లోంచి ఖాళీ చెంబుతో వచ్చాడు. "నీ బండి చప్పుడుకి నా గేదె బెదిరి పాలు ఎగ్గొట్టింది. ఇదిగో అబ్బాయీ, ఒకే మాట. చప్పుడు లేని బండి తెస్తే పిల్లనిస్తాను. ఒక్క ఠక్కు వినబడిందా, పిల్లా లేదు, పెళ్లీ లేదు."

ముహూర్తం వారంలో పడింది. గౌరినాయుడికి అన్నం సయించలేదు. నలుగురూ ఫోను పలికే బండరాయి ఎక్కి, పట్నంలోని మెకానిక్ బాషా మేస్త్రీకి ఫోను కలిపారు.

"ముందు ఆ చప్పుడెక్కడో పట్టుకోండయ్యా. పట్టుకున్నాక మాట్లాడదాం" అన్నాడు మేస్త్రీ.

ఇంకేముంది, మూడోవాడు పోలినాయుడు గోనెసంచి పుచ్చుకుని జీపు కిందికి దూరాడు. అన్న గేరు వేశాడు. ఠక్కు! పోలినాయుడు చటుక్కున సంచి మూతి బిగించాడు.

"దొరికిందన్నియ్యా!"

"గట్టిగా కట్టు! ఏటంటోంది?"

"కిక్కురుమనడం లేదు. జడుసుకున్నట్టుంది."

మళ్లీ గేరు వేశాడు. మళ్లీ ఠక్కు. "ఇది దాని తమ్ముడై ఉంటుంది" అన్నాడు ఆఖరివాడు అప్పన్న. "మనం నలుగురం లేమా?" సాయంత్రానికి ఇంట్లో ధాన్యం సంచులన్నీ ఖాళీ అయ్యాయి, వసారా నిండా చప్పుడు సంచులు పేరుకున్నాయి. జీపు మాత్రం ఠక్కుమంటూనే ఉంది.

మర్నాడు మళ్లీ బండరాయి ఎక్కారు. సంచుల సంగతి విని మేస్త్రీ, "అసలు మీ ఊరికి రోడ్డుందా? గుంతల్లో పడితే ఏ బండైనా మోగుతుంది" అన్నాడు.

గౌరినాయుడు మండలం ఆఫీసుకు పరుగెత్తాడు. గుమాస్తా పళ్లు కుట్టుకుంటూ, "తాటిగుమ్మి రోడ్డా? ఎప్పుడో వేసేశారు కదయ్యా. కాగితాల మీద ఉంది" అన్నాడు.

"మరి చెప్పరేం! మేం ఇన్నాళ్లూ మట్టి మీద నడుపుతున్నాం!" అని నొచ్చుకున్నాడు గౌరినాయుడు.

అంతే, అన్నదమ్ములు ఊళ్లో ఉన్న పాత పేపర్లూ, క్యాలెండర్లూ, గోడల మీద దండం పెడుతూ నవ్వే నాయకుల పోస్టర్లూ అన్నీ ఊడబీకి వీధి పొడుగునా పరిచారు. "రోడ్డొచ్చింది! రోడ్డొచ్చింది!" అని తవిటినాయుడు కొబ్బరికాయ కొట్టాడు. జీపు ఆ రోడ్డు మీదికి ఎక్కీ ఎక్కగానే ఠక్కుమంది. వెనక్కి తిరిగి చూస్తే, పక్కింటి మేక సగం రోడ్డు నమిలేసింది.

"రోడ్డు తినేశారు! ప్రజల రోడ్డు తినేశారు!" అని తవిటినాయుడు గుండెలు బాదుకున్నాడు.

రోడ్లు తినడం ఆ మండలంలో కొత్తేమీ కాదు. మేక తినడం మాత్రం అదే మొదలు. పాపం, అది తినలేదని బుకాయించలేదు కూడా. ఒక నాయకుడి మీసం దాని మూతికి ఇంకా అంటుకునే ఉంది.

పెళ్లిరోజు తెల్లారింది. గౌరినాయుడు నుదుట బాసికంతోనే బండరాయి ఎక్కాడు. "మేస్త్రీగారూ, నా పెళ్లి మీ నోట్లో ఉంది" అన్నాడు ఏడుపు గొంతుతో.

బాషా మేస్త్రీ మెత్తబడ్డాడు. "ఏడవకయ్యా, పెళ్లికొడకా. నీ బండి కింద రెండు పొడుగాటి షాఫ్టులుంటాయి. ఇంజను బలాన్ని ఒకటి ముందు చక్రాలకిస్తుంది, ఒకటి వెనక చక్రాలకిస్తుంది. ముందుది విప్పి చూడు. చప్పుడు పోతే తప్పు దానిది. పోకపోతే వెనకది విప్పి చూడు."

ముందుది విప్పిన తర్వాత దాన్ని మళ్లీ బిగించి, అప్పుడు వెనకది విప్పమని ఆయన ఉద్దేశం. ఉద్దేశం ఫోనులో వినబడదు కదా.

పానాలు తీసుకుని నలుగురూ జీపు కింద దూరారు. ముందు షాఫ్టు విప్పారు. గేరు వేశారు. ఠక్కు. వెనక షాఫ్టు కూడా విప్పారు. గౌరినాయుడు అమ్మవారికి దండం పెట్టుకుని గేరు వేశాడు. చప్పుడు లేదు. తీసి వేశాడు. వేసి తీశాడు. ఊహూఁ!

"పోయింది! పోయిందిరా!" అని నలుగురూ కావలించుకుని గంతులేశారు.

"బండి కదలడం లేదేటన్నియ్యా?" అన్నాడు అప్పన్న.

"చప్పుడొస్తోందా?"

"నేదు."

"మరి? మావఁగారు అడిగింది చప్పుడు సంగతే గదా! అడగనివన్నీ ఎందుకురా నీకు?"

నేరం చేసిన షాఫ్టులు రెండింటినీ ప్రజల ముందు నిలబెట్టి విచారించాలని తవిటినాయుడు పట్టుబట్టాడు. నిలబెడితే పడిపోతున్నాయి. తలదించుకున్నాయంటే తప్పు ఒప్పుకున్నట్టేనని తీర్పు చెప్పి, గదిలో పెట్టి గొళ్లెం వేశారు.

ఇక పనసమెట్ట ప్రయాణం. ఎవరి చక్రం దగ్గర వాళ్లు నిలబడి తోయడం మొదలుపెట్టారు. "తోసేవాడిదే బండి! తోసేవాడిదే బండి!" అని తవిటినాయుడు కేకలు. పంచె ఎగ్గట్టి, బాసికం చెమటకు జారుతుంటే, గౌరినాయుడు ఆ నవ్వునే తలుచుకుంటూ తోశాడు. కొండ మలుపు తిరిగారు. ఎదురుగా చిన్న ఎత్తు. గట్టిగా ఒక్క తోపు తోశాడు.

ఠక్కు.

నలుగురూ బిగుసుకుపోయారు. గౌరినాయుడు ఇంకొక్క అడుగు వేశాడు. ఠక్కు. పోలినాయుడు నేల మీద పాకుతూ వెతికి, అన్న మోకాలి దగ్గర ఆగి చెవి ఆనించాడు.

"అన్నియ్యా, చప్పుడు నీ మోకాల్లో ఉంది!"

"విప్పేద్దాఁవా?" అన్నాడు అప్పన్న పానా తీసి. తిప్పి తిప్పి చూశాడు గానీ ఎక్కడా నట్టు దొరకలేదు. చివరికి గౌరినాయుడికే తట్టింది. వెళ్లి జీపులో కూర్చున్నాడు. చప్పుడు పోయింది!

ముగ్గురూ తోశారు. పోలినాయుడి నడుం కలుక్కుమంది. అతన్నీ ఎక్కించారు. పోయింది. ఇద్దరూ తోశారు. అప్పన్న చెప్పులు టపటపలాడాయి. అతన్నీ ఎక్కించారు. పోయింది. ఇక మిగిలింది తవిటినాయుడి నినాదం. "అదీ చప్పుడేరా తమ్ముడూ" అని గౌరినాయుడు నెమ్మదిగా చెప్పాడు. తవిటినాయుడు ఆలోచించి, తప్పొప్పుకుని, నోరు మూసుకుని ఎక్కి కూర్చున్నాడు.

అబ్బ, ఎంత నిశ్శబ్దం! గాలి ఆకుల్లో తిరగడం వినబడుతోంది.

"అన్నియ్యా," అప్పన్న గుసగుసగా అడిగాడు, "ఊరెప్పుడొస్తుంది?"

గౌరినాయుడికి నాన్న గుర్తొచ్చాడు. "కదలకుండా కూర్చోండి. అదే వస్తుంది."

కూర్చున్నారు. ఎండ నెత్తికెక్కుతోంది. ముహూర్తం దగ్గరపడుతోంది. ఈగ వాలినా గౌరినాయుడు కదల్లేదు.

అక్కడ పనసమెట్టలో మేళగాళ్లు వాయించి వాయించి అలిసిపోయారు. పెళ్లికొడుకు జాడ లేదు. జగ్గునాయుడు కర్ర పుచ్చుకుని బయలుదేరాడు. వెనకే పురోహితుడు, ఆ వెనక పెళ్లికూతురు, ముత్తయిదువులు, మేళం, పిల్లలు, కుక్కలు. ఊరు ఊరంతా కొండ మలుపు తిరిగింది.

"ఊరొచ్చింది! అన్నియ్యా, ఊరొచ్చింది!" అని నలుగురూ ఒక్కసారి అరిచారు. గౌరినాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న మాటకు తిరుగులేదు!

జగ్గునాయుడు జీపు చుట్టూ తిరిగాడు. బానెట్టుకు ఒక చెవి, వెనక తొట్టికి ఒక చెవి ఆనించాడు. కింద దూరి విన్నాడు.

"బండి కదలడం లేదే!" అన్నాడు పురోహితుడు.

"కదిలే బండి తెమ్మని నేనన్నానా?" అని జగ్గునాయుడు గుడ్లురిమాడు. "చప్పుడు లేని బండి తెమ్మన్నాను. తెచ్చాడు. ఇలాంటి తెలివైన అల్లుడు దొరకొద్దూ! కానివ్వండి, ముహూర్తం మించిపోతోంది."

అంతే, జీపు చుట్టూ పసుపునీళ్లు చల్లి, అక్కడికక్కడే మూడు ముళ్లూ వేయించారు. అక్షింతలు పడ్డాయి. పనసమెట్ట జనం దీవించి వెనక్కి వెళ్లిపోయారు.

పుణ్యవతి వచ్చి ముందు సీట్లో కూర్చుంది. గాజులు గలగలమంటాయని చేతులు రెండూ ఒళ్లో గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"ఏవండీ, మన ఊరెప్పుడొస్తుంది?"

"కదలకు పుణ్యవతీ" అన్నాడు గౌరినాయుడు ఎదురుగా చూస్తూ. "మీ ఊరే అంత తొందరగా వచ్చిందంటే, మా ఊరు రాకుండా ఉంటుందా?"